కంచె లేని ఇంటి కుక్క: కట్టు, కాపలా, బాధ్యతల చరిత్ర

పశువును అదుపులో ఉంచడానికి సంబంధించిన పదజాలం తెలుగులో చాలా విస్తారమైనది. పలుపు, తలుగు, పగ్గం, ముకుతాడు, గుంజ, గుది, బందె, దొడ్డి - ప్రతి మాట వెనుకా ఒక పనితీరు, ఒక అనుభవం ఉన్నాయి. తెంచుకొని పరుగెత్తే పశువు మెడకు వేలాడదీసే కొయ్యదుంగ గుది. అది ముందుకాళ్ళకు తగులుతూ పరుగును ఆపుతుంది. ఇప్పుడు మోయలేని బాధ్యతకు పర్యాయపదంగా వాడుతున్న ‘గుదిబండ’ ఆ దొడ్డిలోంచి వచ్చిన మాటే. కుక్క విషయానికి వచ్చేసరికి ఈ సంపద కనిపించదు. మెడపట్టీ, గొలుసు అన్న తరువాత చెప్పడానికి మూడో మాట తోచదు. గొలుసు కూడా ఏనుగుకూ తలుపుకూ ఉన్నదే, కుక్కకు ప్రత్యేకించినది కాదు. ప్రబంధాల వేట వర్ణనలలో జాగిలాలు కనిపిస్తాయి గాని, అవి రాజుగారి పరివారంలోవి. వాటిని పట్టుకొని నడిచే సేవకులు వేరే ఉంటారు. ఈ వ్యాసానికి విషయమైనది ఆ జాగిలం కాదు, వీధిలోకి తెరుచుకునే మామూలు ఇంటి ముందు పడుకునే కుక్క.

ఈ పదజాలపు లేమికి కారణం ఊహించడం కష్టం కాదు. గడప దాటితే అరుగు, అరుగు దిగితే వీధి ఉన్న ఇంట్లో కుక్కను కట్టి పెంచవలసిన అవసరం పెద్దగా లేదు. దానికి ముద్ద దొరికే చోటే దాని హద్దు. ఒక ఇంటి కుక్క వీధి మొత్తానికీ కాపలా కాసేది. వీధి వీధంతా దానికి ఏదో ఒకటి పెట్టేది. అయితే అది ఎవరినైనా కరిచిననాడు ‘ఇది ఎవరి కుక్క?’ అన్న ప్రశ్న పుడుతుంది. ప్రహరీ ఉన్న ఇంట్లో ఆ ప్రశ్నకు గోడే సమాధానం చెబుతుంది. ప్రహరీ లేనిచోట మనిషే చెప్పాలి. ప్రాచీన శాసనకర్తలు కంచె లేని ఇంటి కుక్క గురించి మాట్లాడినప్పుడల్లా సాధనం కన్నా యజమాని ప్రవర్తనకే ప్రాధాన్యం ఇచ్చారనీ, ఆ శ్రద్ధకు బదులుగా గొలుసు స్థిరపడినప్పుడు దాని మూల్యం కుక్క చెల్లించిందనీ నా వాదన.

హెచ్చరిక, కేక, మూడు మూరల కొయ్య

బాగ్దాదు సమీపంలోని టెల్ హర్మల్ తవ్వకాలలో దొరికిన ఎష్నున్నా శాసనాలు క్రీ.పూ. 18వ శతాబ్దం ప్రాంతానివి. అందులో కరిచే కుక్క గురించి ఒక విధి ఉంది. కుక్క ప్రమాదకరమైనదని పేట అధికారులు యజమానికి తెలియజేసినా అతడు దాన్ని అదుపు చేయక, అది కరిచి మనిషి చనిపోతే యజమాని 40 షెకెళ్ళ వెండి చెల్లించాలి. చనిపోయినవాడు బానిస అయితే 15 షెకెళ్ళు చాలు. ప్రాణాల మధ్య వేసిన ఈ తారతమ్యాన్ని అలా ఉంచి న్యాయసూత్రాన్ని చూస్తే, తప్పు పుట్టేది కాటుతో కాదు, హెచ్చరికను పెడచెవిన పెట్టడంతో. ఎలా అదుపు చేయాలో శాసనం చెప్పదు. ఆ సంగతి యజమానికే వదిలింది.

మన స్మృతులు ఇదే ప్రశ్నను మరో క్షణంలో పట్టుకున్నాయి. కోరలున్న జంతువు గాని కొమ్ములున్న జంతువు గాని మనిషి మీద పడినప్పుడు, విడిపించే శక్తి ఉండీ విడిపించని యజమానికి ప్రథమ సాహస దండం విధించాలనీ, బాధితుడు కేక వేసినా కదలకపోతే అది రెట్టింపు అనీ యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది. కౌటిలీయ అర్థశాస్త్రంలోనూ ఇంచుమించు ఇదే నియమం ఉంది. యాజ్ఞవల్క్యానికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను ఆధారం చేసుకొని 13వ శతాబ్దంలో కేతన తెలుగులో ధర్మశాస్త్ర గ్రంథం రచించిన సంగతి మన పరిశోధకులకు తెలిసిందే. ఎష్నున్నా శాసనం కాటుకు ముందు వచ్చిన హెచ్చరికను చూసింది. యాజ్ఞవల్క్యుడు కాటు పడుతున్నప్పటి కేకను విన్నాడు. కేక వినబడేంత దూరంలో యజమాని ఉంటాడన్న భావన ఈ నియమంలోనే ఇమిడి ఉంది. కుక్కను వదిలి ఊరికి పోయినవాడు ఈ ధర్మశాస్త్రపు ఊహలో లేడు.

సాధనాన్ని పేరుపెట్టి చెప్పిన పాత నియమం ఒకటి గ్రీకు దేశంలో ఉంది. కరిచిన కుక్కను మూడు మూరల కొయ్య మెడకు తగిలించి బాధితునికి అప్పగించాలని సోలోన్ ఆదేశించినట్లు ప్లూటార్క్ రాశాడు. గుదిని ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ కొయ్య కొత్తగా అనిపించదు.

పొంపేయి గుమ్మం

ఈ చరిత్రలో ఎక్కువసేపు ఆగి చూడవలసిన చోటు రోమన్ ఇల్లు. పొంపేయి నగరంలో ఇళ్ళ ముఖద్వారాలు నేరుగా వీధిలోకి తెరుచుకుంటాయి. ముందు వాకిలి గాని కంచె గాని ఉండవు. సన్నని నడవ దాటితే లోపలి చావడి వస్తుంది. 1824లో తవ్వకాలలో బయటపడ్డ ‘విషాద కవి గృహం’ గుమ్మంలో గొలుసుతో కట్టిన నల్లని కుక్క చిత్రం, కుక్క ఉంది జాగ్రత్త అన్న లాటిన్ రాత రంగురాళ్ళతో పొదిగి ఉన్నాయి. ఇప్పటి మన గేట్లకు తగిలించే రేకుపలకకు ఇది పూర్వరూపం. పెట్రోనియస్ తన ‘సాటిరికాన్’లో ఇలాంటి చిత్రంతోనే ఒక హాస్య సన్నివేశం నడిపాడు. కథకుడు గోడ మీద రాసిన కుక్క బొమ్మను చూసి హడలిపోతాడు. తరువాత అదే ఇంట్లో గొలుసుతో కట్టిన నిజమైన కుక్క మొరగడంతో నీటి తొట్టిలో పడతాడు.

ఆ గుమ్మంలో గొలుసు కుక్కకు మాత్రమే ఉండేది కాదు. ద్వారపాలకుడైన బానిసను కూడా గొలుసుతో కట్టి ఉంచే ఆచారం ఉండేది. ప్రేయసి ఇంటి తలుపు తీయమని ఓవిడ్ బతిమాలిన ద్వారపాలకుడు అలా సంకెళ్ళలో ఉన్నవాడే. మనిషిని, కుక్కను ఒకే ద్వారం దగ్గర ఒకే లోహంతో కట్టిన సమాజం అది. గొలుసును కేవలం భద్రతా సాధనంగా చూసే చరిత్రలు ఈ సంగతిని పక్కన పెడతాయి. కట్టేవాడికి అది భద్రత, కట్టుబడ్డవాడికి అది కొలత.

ఆ కొలత ఎంతటిదో 1874లో వెసోనియస్ ప్రిముస్ ఇంట్లో తెలిసింది. క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలైనప్పుడు ఆ ఇంటివారు కుక్కను విప్పకుండానే వెళ్ళిపోయారు. బూడిదలో మిగిలిన ఖాళీలో సున్నపు ముద్ద పోసి తీసిన అచ్చులో, మెడపట్టీతో సహా, వెల్లకిలా మెలితిరిగిన కుక్క రూపం నిలిచింది. పైనుంచి పడుతున్న రాళ్ళూ బూడిదా పేరుకుంటున్న కొద్దీ అది పైకి ఎక్కుతూ పోయిందనీ, గొలుసు పొడవు అయిపోయిన చోట ఆగిపోయిందనీ దీనిని వివరిస్తారు.

ఇదే రోమన్ సంస్కృతిలో వేరే ఆలోచన కూడా ఉంది. పగలు కుక్కను మూసి ఉంచితే రాత్రి అది చురుకుగా, మెలకువగా కాపలా కాస్తుందని క్రీ.పూ. 2వ శతాబ్దంలో కేటో తన వ్యవసాయ గ్రంథంలో సూచించాడు. ఇక్కడ కాలమే కంచె. జనం తిరిగే వేళ కట్టుబాటు, జనం లేని వేళ స్వేచ్ఛ. మన తోటల దగ్గరా కళ్ళాల దగ్గరా పగలు కట్టి రాత్రి విడిచే పద్ధతి ఇదే తర్కం మీద నడిచింది. దాని లోపం కూడా అక్కడే ఉంది. వేళ కాని వేళ దారిన పోయేవాడికి ఈ ఒప్పందం తెలియదు.

రోమన్ న్యాయవేత్తలు ఈ లోపాన్ని గుర్తించారు. విపణి అధికారులైన ఈడైల్‌ల శాసనం జనం నడిచే దారి పక్కన కుక్కను, అడవిపందిని, ఎలుగును, సింహాన్ని ఉంచడాన్ని నిషేధించింది. విడిచి ఉంచడమే కాదు, హాని చేయకుండా ఆపలేని రీతిలో కట్టి ఉంచినా అది తప్పే. జస్టీనియన్ సంకలనం ప్రకారం స్వతంత్రుడు మరణిస్తే 200 సొలిడస్ బంగారు నాణేలు, గాయపడితే న్యాయాధికారి ఉచితమనుకున్నంత, ఇతర నష్టమైతే రెట్టింపు చెల్లించాలి. పట్టుకొని నడిపిస్తున్న కుక్క తప్పించుకొని కరిస్తే ఏమిటన్న సందర్భాన్ని కూడా ఉల్పియన్ చర్చించాడు. మరొకడైతే దాన్ని గట్టిగా పట్టుకోగలిగేవాడా, అసలు అటువైపు తీసుకురాదగినదేనా అన్నవి అతడు వేసిన ప్రశ్నలు. ‘కట్టే ఉంచానండీ’ అన్న జవాబు రోమన్ న్యాయస్థానంలో చెల్లలేదు.

యజ్ఞవాటిక అంచున

తెలుగు సాహిత్యానికి ఈ ప్రశ్న ఆదిలోనే ఎదురైంది. నన్నయ ఆదిపర్వం ప్రథమాశ్వాసంలో సరమ కథ అందరూ పాఠం చెప్పేదే. జనమేజయుడు యాగం చేస్తుండగా ఆడుకోవడానికి వచ్చిన కుక్కపిల్ల సారమేయుని రాజు తమ్ములు కొట్టారు. అది ఏడుస్తూ తల్లితో చెప్పుకుంది. తన కొడుకు హవిస్సు వంక చూడనూ లేదు, నాకనూ లేదు గదా అని సంస్కృత మూలంలో సరమ వాదిస్తుంది. సాధువులకూ పేదలకూ కీడు చేసేవారికి కారణం లేని భయాలు కలుగుతాయని నన్నయ సరమ హెచ్చరిస్తుంది. ఈ పద్యాన్ని మనం సాధారణంగా నీతి దృష్టితో చదువుతాం. స్థలం దృష్టితో చదివితే మరొకటి కనిపిస్తుంది. యజ్ఞవాటికకు కుక్క గుర్తుపట్టగల గోడ లేదు. ఉన్నది శాస్త్రం గీసిన గీత. ఆ గీత మనుషులకే తెలుసు. దాటకుండా చూడవలసిన కాపలావాళ్ళు చూడక, దాటిన తరువాత కొట్టారు. సరమ అభియోగం ఆ నిర్లక్ష్యం మీదనే. భారత కథ చివర మహాప్రస్థానంలో కూడా ఒక కుక్క స్వర్గద్వారం దగ్గర ఆగుతుంది. అప్పుడు ధర్మరాజు దాని పక్కన నిలబడ్డాడు.

గీతలు మనుషుల మధ్య కూడా గీశారు. మనుస్మృతి చండాలురకు, శ్వపచులకు నివాసం ఊరి వెలుపలే అనీ, వారికి కుక్కలూ గాడిదలే ధనమనీ విధించింది. కుక్కను ఇంటి హద్దులో ఎలా ఉంచాలన్న ప్రశ్న ఆ శాస్త్రకర్తకు కలగలేదు. కుక్కతోపాటు దాన్ని పెంచేవాళ్ళనే హద్దు దాటించాడు. కుక్కకు తెలుగులో కట్టు పదజాలం ఎందుకు పెరగలేదన్న ప్రశ్నకు ఇది కూడా సమాధానంలో భాగమే అనుకుంటాను.

బందెలదొడ్డిలో చోటు లేని జంతువు

వలస పాలనలో 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం బందెలదొడ్లకు చట్టబద్ధత కల్పించింది. పశువు అన్న నిర్వచనంలో ఏనుగులు, ఒంటెలు, గుర్రాలు, గాడిదలు, పందులు, గొర్రెలు, మేకలు అన్నీ చేరాయి. కుక్క చేరలేదు. తప్పిపోయిన గాడిదను అపరాధ రుసుము కట్టి విడిపించుకోవచ్చు. తప్పిపోయిన కుక్కకు అలాంటి మజిలీ లేదు. దానికి మిగిలింది చంపివేత. 1832 జూన్‌లో బొంబాయిలో వీధికుక్కలను చంపే ఉత్తర్వుపై పార్సీలు తిరగబడ్డారు. పెంపుడు కుక్కకూ వీధికుక్కకూ మధ్య ప్రభుత్వం గీసిన గీతను నగరం అంగీకరించలేదనడానికి ఆ అల్లర్లు సాక్ష్యం. 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ వెలిశాక దక్షిణాదిలో పిచ్చికుక్క కాటుకు టీకా చికిత్స అందుబాటులోకి వచ్చింది.

యజమాని బాధ్యతను మాత్రం 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 289వ సెక్షన్ నిర్వచించింది. తన వద్ద ఉన్న జంతువు వల్ల మనుషులకు కలగగల ప్రమాదాన్ని నివారించడానికి సరిపడే ఏర్పాటు చేయకపోవడం నేరం. ఆరు నెలల వరకు ఖైదు, వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ఆ ఏర్పాటు కంచె అని గాని గొలుసు అని గాని అందులో లేదు. ఎష్నున్నా శాసనం లాగే ఇదీ పద్ధతిని యజమానికే వదిలింది. వదిలినచోట యజమాని సహజంగా చవకైనదాన్ని ఎంచుకున్నాడు. గోడకు డబ్బు కావాలి, శిక్షణకు ఓపిక కావాలి, గొలుసుకు ఒక మేకు చాలు.

గొలుసు పొడవు

గొలుసును చట్టం తిరిగి ప్రశ్నించినది 1960లో. రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరుండేల్ ప్రతిపాదించిన ప్రైవేటు బిల్లు నేపథ్యంగా వచ్చిన జంతుహింస నిరోధక చట్టంలో, అకారణంగా పొట్టి లేదా బరువైన గొలుసుతో ఏ జంతువునైనా అనుచితమైనంత సేపు కట్టి ఉంచడం 11వ సెక్షన్ కింద క్రూరత్వం. వెంటనే వచ్చే ఉపనిబంధన కుక్కను పేరుపెట్టి ప్రస్తావిస్తుంది. నిత్యం గొలుసుతో కట్టి లేదా ఇరుకులో ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం కల్పించని యజమాని కూడా దోషి. కట్టడాన్ని చట్టం నిషేధించలేదు. కట్టినవాడు రోజూ విప్పి నడిపించాలంది. అంటే యజమాని కాలాన్ని తిరిగి లెక్కలోకి తెచ్చింది. కేటో పగలు, రాత్రి అని పంచిన కాలమే ఇక్కడ మరో రూపంలో వచ్చింది.

స్థలం తక్కువైనా కుక్క కదలగలిగేలా చేసిన ఏర్పాట్లు లేకపోలేదు. రెండు రాటల మధ్య తలకు పైన తీగ లాగి, దాని మీద జారే కడియానికి గొలుసు తగిలిస్తే కుక్క ఆ బారునా తిరగగలదు. మెలిపడకుండా తిరిగే కొక్కెం ఉండాలి. ఆ బారులో చుట్టుకోవడానికి చెట్టు గాని, దూకి వేలాడిపోవడానికి పిట్టగోడ గాని ఉండరాదు. నీడా నీరూ అందాలి. మనిషి కన్ను ఉండాలి. చివరిది లేనప్పుడు మిగతావన్నీ ఉన్నా పొంపేయి గొలుసే.

అమెరికాలో ఈ సమస్యకు యంత్రం సమాధానం చెప్పింది. అక్కడి శివారు కాలనీలలో ఇంటి ముందరి పచ్చికకు కంచె ఉండకపోవడం మామూలు. చాలా చోట్ల కాలనీ నిబంధనలు కంచెను అనుమతించవు కూడా. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది పరిచిత దృశ్యమే. 1973లో రిచర్డ్ పెక్ పేటెంట్ పొందిన పద్ధతిలో స్థలం చుట్టూ పూడ్చిన తీగ సంకేతాన్ని పంపుతుంది. కుక్క దగ్గరికి వస్తే మెడపట్టీ ముందు శబ్దం చేసి, ఆ తరువాత షాక్ ఇస్తుంది. బయటివారికి కనిపించని ఈ హద్దు బయటినుంచి వచ్చే కుక్కను గాని మనిషిని గాని ఆపదు. ఉద్రేకంలో ఒకసారి దాటిన కుక్క తిరిగి లోపలికి రావడానికి భయపడుతుంది. వేల్స్ 2010లో విద్యుత్ షాక్ మెడపట్టీలను నిషేధించింది. యజ్ఞవాటిక గీత మనుషులకే తెలిసినది, ఈ తీగ కుక్కకే తెలిసినది. రెండింటిలోనూ దెబ్బ తినేది కుక్కే.

మన దేశంలో ప్రహరీ కట్టలేని ఇంటి యజమాని ఇప్పుడు రెండు నియమాల మధ్య నిలబడి ఉన్నాడు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ పాత 289ను కొనసాగిస్తూ జరిమానాను 5,000 రూపాయలకు పెంచింది. కుక్క వీధిలోకి వచ్చి హాని చేస్తుందని తెలిసీ ఏర్పాటు చేయనివాడికి అది వర్తిస్తుంది. అదే భయంతో దాన్ని రోజంతా మూరెడు గొలుసుకు కట్టినవాడికి 1960 చట్టం మొదటి నేరానికి నిర్ణయించిన జరిమానా 10 రూపాయలకు తగ్గకుండా, 50 రూపాయలకు మించకుండా.