ఆర్గన్‌కు ఇల్లు కట్టిన ఆర్కిటెక్ట్ – స్టీఫెన్ డైక్స్ బవర్

మన సంఘాల్లో ఆర్గన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది హార్మోనియం, లేదా కరెంటుతో పనిచేసే కీబోర్డు. పైప్ ఆర్గన్ వేరు. హార్మోనియంలో గాలి తగిలి కంపించేది చిన్న ఇత్తడి రీడు. పైప్ ఆర్గన్‌లో గాలి గొట్టాల్లోకి పోతుంది, ఒక్కో స్వరానికి ఒక్కో గొట్టం. పిల్లనగ్రోవిలాంటి నాదానికి ఒక వరుస, బూరలాంటి నాదానికి మరో వరుస. అందుకే పెద్ద కథీడ్రల్ ఆర్గన్‌లో గొట్టాలు వేలల్లో ఉంటాయి. కొన్ని పెన్సిలంత ఉంటే, కొన్ని 32 అడుగుల పొడవుంటాయి.

వీటిలో ఆరాధనకు వచ్చినవారికి కనిపించేవి ముందు వరుసలో ఉన్న కొన్ని మాత్రమే. మిగతావన్నీ ఒక పెద్ద చెక్క కట్టడంలో ఉంటాయి. దాన్నే ఆర్గన్ కేస్ అంటారు. ఆ కేస్ ఒక్క స్వరమైనా పలకదు. మరి దానికి ఓక్ చెక్కలు, చెక్కడాలు, బంగారు పూత ఎందుకు? ఆ డబ్బుతో మరో పది గొట్టాలు పెట్టించవచ్చు కదా, లేదా బీదలకు పంచవచ్చు కదా? ఇది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు వెతుకుతూ ఈ వారం స్టీఫెన్ డైక్స్ బవర్ అనే ఆంగ్ల ఆర్కిటెక్ట్‌ను పరిచయం చేస్తున్నాము.

మొదట కేస్ చేసే పని చెప్పాలి. మంచి కేస్‌కు వెనుక గోడ, పక్క గోడలు, పైకప్పు ఉంటాయి. గొట్టాల నుంచి వచ్చే నాదం చర్చి కప్పులోకి చెదిరిపోకుండా ఆ గోడలకు తగిలి, ఒకదానితో ఒకటి కలిసి, ముందుకు, అంటే కూర్చున్న సంఘం వైపుకు వస్తుంది. తెరిచి ఉన్న ముఖం గుండా అది బయటపడుతుంది. గొట్టాల పైకొసలకూ చట్రానికీ మధ్య మిగిలే ఖాళీని ఆకులు, తీగెల చెక్కడాలు కప్పుతాయి. అవి కంటికి అందం, శబ్దానికి జల్లెడ. స్విట్జర్లాండ్‌లోని సియోన్ పట్టణంలో 15వ శతాబ్దపు ఆర్గన్ ఒకటి నేటికీ మోగుతోంది. దాని కేస్‌కు బొమ్మలు వేసిన తలుపులు కూడా ఉన్నాయి.

ఈ పెట్టె ఎంత ముఖ్యమో దాన్ని ద్వేషించినవారికీ తెలుసు. 1644లో ఇంగ్లండ్ పార్లమెంటు చర్చీల నుంచి ఆర్గన్లను తొలగించాలని శాసనం చేసినప్పుడు, వాద్యాలతో పాటు అవి నిలిచిన కేసులను కూడా ప్రత్యేకంగా పేర్కొని, తీసివేసి పాడుచేయాలని ఆజ్ఞాపించింది. 19వ శతాబ్దంలో మరో రకం అన్యాయం జరిగింది. చాలా చర్చీల్లో ఆర్గన్‌ను పక్క గదిలోకి నెట్టి, ఎదుట రంగు వేసిన గొట్టాలను కంచెలాగా నిలబెట్టి ఊరుకున్నారు. నాదం ఆ గదిలోనే సగం ఇంకిపోయేది.

డైక్స్ బవర్ 1903లో గ్లౌస్టర్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కాలేజీలో ఆయన ఆర్గన్ స్కాలర్, అంటే చాపెల్ ఆరాధనల్లో ఆర్గన్ వాయించే బాధ్యతతో చదివిన విద్యార్థి. తర్వాతే ఆర్కిటెక్చర్ నేర్చుకున్నారు. తమ్ముడు జాన్ కూడా ఆర్గన్ వాద్యకారుడే, లండన్ సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో 1936 నుంచి 1967 వరకు ఆ పదవిలో ఉన్నారు. మా దృష్టిలో అన్నగారి పనికి తాళంచెవి ఇక్కడే ఉంది. ఆర్గన్ తయారీదారుకు గొట్టాలకు చోటు కావాలి, ఆర్కిటెక్ట్‌కు కొలతల అందం కావాలి, ఇద్దరూ తగువులాడుకోవడం మామూలే. ఈయన వేళ్ళకు మీటల సంగతీ తెలుసు, పెన్సిల్ సంగతీ తెలుసు.

ఆయన ఆర్గన్ కేసుల్లో మొదట చెప్పుకోవలసింది నార్విచ్ కథీడ్రల్‌లో ఉంది. 1938లో అక్కడి ఆర్గన్‌లో మంటలు చెలరేగాయి. యుద్ధం జరుగుతుండగానే వాద్యాన్ని తిరిగి నిర్మించారు గాని, దాని కేస్ 1950కి గాని పూర్తి కాలేదు. ఆ ఏడు ఎలాంటిదో గుర్తు చేసుకోండి. 1942 బాంబుదాడుల్లో నార్విచ్ నగరం దెబ్బతింది. ఇంగ్లండ్‌లో మాంసమూ చక్కెరా ఇంకా రేషన్ మీదే దొరుకుతున్నాయి. అటువంటి వేళ చెక్కడాలతో ఒక ఆర్గన్ కేస్!

అది నిలిచిన చోటు కూడా సులువైనది కాదు. సంఘం కూర్చునే పొడవైన నడిమి భాగానికీ క్వైర్‌కూ మధ్య ఉన్న రాతి అడ్డుగోడ మీద ఆర్గన్ ఉంటుంది. కాబట్టి రెండు వైపుల నుంచీ కనబడుతుంది, దానికి వీపు అంటూ ఉండకూడదు. మరీ పెద్దదైతే తూర్పు చివరి వరకు సాగే చూపుకు అడ్డు, మరీ చిన్నదైతే ఆ రాతి స్తంభాల మధ్య బొమ్మరిల్లు. డైక్స్ బవర్ పాత ఆంగ్ల కేసుల భాషలోనే జవాబు చెప్పారు. పొడవు గొట్టాలు గోపురాల్లా పైకి లేస్తాయి, వాటి మధ్య చిన్న గొట్టాలు చదునుగా అమరుతాయి. 1969లో దానికి తిరిగే బంగారు నక్షత్రం ఒకటి చేర్చారు. అది తిరిగినప్పుడు చిరుగంటలు మోగుతాయి. 2022-23లో లోపలి వాద్యాన్ని హారిసన్ అండ్ హారిసన్ సంస్థ మళ్ళీ నిర్మించింది. దాని ఇల్లు మాత్రం డైక్స్ బవర్ గీసినదే.

ఆకలి కాలంలో అందం కట్టవచ్చా అన్న ప్రశ్న తెలుగు క్రైస్తవులకు కొత్త కాదు. మెదక్ కథీడ్రల్ కరువు రోజుల్లో లేచింది, ఆ పని ఎందరికో కూడు పెట్టింది. నిర్గమకాండంలో దేవుని ఆత్మతో నింపబడినవాడని పేరు పెట్టి చెప్పబడిన బెసలేలు ప్రవక్త కాదు, యాజకుడు కాదు, చెక్క, లోహం, రత్నాల పనివాడు. అరణ్యంలో, గుడారాల్లో బతుకుతున్న జనం మధ్య అతనికి ఆ పని అప్పగించబడింది. అందుచేత నార్విచ్ ఖర్చును దుబారా అనడానికి మాకు మనసొప్పదు. అయితే ఓక్ చెక్కే కావాలని కాదు. మన మందిరాల్లో సిలువ ఎదుటే స్పీకర్ పెట్టెలు గుట్టగా పేర్చి, వైర్లను టేపుతో నేలకు అతికించి ఏళ్ళ తరబడి వదిలేయడం చూస్తున్నాము. అవి ఎక్కడ ఉండాలో, ఎలా కనబడాలో కమిటీలో ఒక్కసారైనా మాట్లాడుకున్నామా?

1951లో డైక్స్ బవర్ వెస్ట్‌మినిస్టర్ అబ్బే కట్టడాల సంరక్షకునిగా నియమితులై, 1973 వరకు ఆ బాధ్యతలో ఉన్నారు. అక్కడ ఆర్గన్ విషయంలో ఆయన చేసిన పని మాకు మరీ నచ్చింది, ఎందుకంటే అందులో సొంత డిజైన్ లేదు. 19వ శతాబ్దం చివర్లో జాన్ లఫ్‌బరో పియర్సన్ అనే ఆర్కిటెక్ట్ ఆ అబ్బే కోసం రెండు ఆర్గన్ కేసులు గీశారు. 1937లో ఆరవ జార్జి రాజు పట్టాభిషేకానికి 84 స్టాపుల కొత్త ఆర్గన్ వచ్చింది, పియర్సన్ కేసులు మాత్రం తమ చోటు కోల్పోయాయి. పేరున్న ఆర్కిటెక్ట్‌కు ఇది సొంత కేసులు గీయడానికి చక్కటి అవకాశం. డైక్స్ బవర్ కాలంలో, 1959లో, పియర్సన్ కేసులే తిరిగి నిలిచాయి, వాటికి రంగులు వేశారు. నేడు టీవీలో అబ్బే ఆరాధనలు చూసేవారికి కనిపించేవి అవే.

రంగంటే ఆయనకు భయం లేదు. మసిబారిన అబ్బే లోపలి గోడలను కడిగించారు, పాత సమాధి శిల్పాలకు రంగూ బంగారమూ తిరిగి పూయించారు. తమ్ముడు వాయించే సెయింట్ పాల్స్‌లో 1940 అక్టోబరులో బాంబు పడి ప్రధాన బలిపీఠం దెబ్బతింటే, గాడ్‌ఫ్రే అలెన్‌తో కలిసి కొత్త బలిపీఠాన్నీ దానిపై స్తంభాల ఛత్రాన్నీ రూపొందించారు. అది 1958లో పూర్తయింది. యుద్ధంలో కాలిపోయిన లండన్ సెయింట్ వెడాస్ట్ చర్చిని ఆయన పునరుద్ధరించినప్పుడు, అందులో 18వ శతాబ్దపు ఆర్గన్ కేస్‌కు చోటు దొరికింది. అది మొదట వేరే చర్చి కోసం చేసినది.

అందరూ మెచ్చుకున్నారని కాదు. కాంక్రీటు, గాజు రాజ్యమేలుతున్న రోజుల్లో గోథిక్ శైలిలో కడుతున్నాడని సాటివారు ఆయనను పాతకాలపు మనిషిగా చూశారు. అబ్బే పైకప్పులో మధ్యయుగపు దూలాలను మార్పించడాన్ని పురాతన కట్టడాల అభిమానులు గట్టిగా తప్పుపట్టారు. ఆ విమర్శలో బలం ఉందనే మేమూ అనుకుంటున్నాము. పియర్సన్ కేసుల పట్ల చూపిన ఓర్పు ఆ దూలాల పట్ల కూడా చూపి ఉంటే బాగుండేది.

ఆయన చాలా ఏళ్ళు బరీ సెయింట్ ఎడ్మండ్స్ పట్టణంలోని సెయింట్ ఎడ్మండ్స్‌బరీ కథీడ్రల్‌కు ఆర్కిటెక్ట్‌గా ఉన్నారు. పాత పారిష్ చర్చిని కథీడ్రల్‌కు తగినట్లు విస్తరించే పని అది. కొత్త క్వైర్ కట్టారు, డబ్బు చాలక గోపురం ఆగిపోయింది. 1994 నవంబరులో, 91వ ఏట ఆయన మరణించారు. వీలునామాలో ఆ కథీడ్రల్ పూర్తి చేయడానికి 20 లక్షల పౌండ్లు విడిచి వెళ్ళారు. గోపురం 2005లో పూర్తయింది.