ఊరి కోసం తవ్విన చెరువు

మన దగ్గర ముందు చెరువు, తర్వాత ఊరు. వాగుకు అడ్డంగా గట్టు వేసి నీళ్లు నిలిపితే దాని కింద మళ్లు, మళ్ల పక్కన ఇళ్లు. చెరువు తవ్వించడాన్ని సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కపెట్టారంటే ఆ నీళ్లు తరతరాలకు తిండి పెడతాయనే. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని రెస్టన్‌లో ఉన్న లేక్ ఆన్ సంగతి వేరు. సుమారు 30 ఎకరాల ఆ చెరువు కింద సెంటు మాగాణి కూడా లేదు. జనం వచ్చి కూర్చోవడానికీ, ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికీ దాన్ని తవ్వించారు.

రెస్టన్ వాషింగ్టన్ నగరానికి పడమర దిక్కున, డల్లెస్ విమానాశ్రయానికి వెళ్లే దారిలో ఉంటుంది. పక్కనే ఉన్న హెర్న్‌డన్‌లో మా పిన్ని కొడుకు కాపురం. కంప్యూటర్ ఉద్యోగాల మీద వెళ్లిన తెలుగువాళ్లు ఆ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. శనివారం పొద్దున్నే రైతుబజారుకి పోదాం రమ్మని వాడే నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. కారు దిగి నాలుగడుగులు వేశామో లేదో ఇటుకలు పరిచిన మైదానం, దాని అంచునే నీళ్లు. గాలపు కొక్కెంలా వంగిన వరస భవనాలు ఆ మైదానాన్ని చేత్తో చుట్టినట్టు పట్టుకుని ఉన్నాయి. కింద కొట్లు, పైన ఇళ్లు. ఒక పక్కన హెరన్ హౌస్ అనే ఎత్తయిన టవరు, నీళ్ల మధ్యలో ఫౌంటెన్. ఉరుగ్వేకి చెందిన గొంజాలో ఫొన్సేకా కాంక్రీటుతో పోతపోసిన బొమ్మలున్నాయి. వాటిని ఎవరూ దూరం నుంచి చూసి ఊరుకోవడం లేదు. పిల్లలు ఎక్కుతున్నారు, జారుతున్నారు. చేతులూ తొడలూ రాసుకుని ఆ కాంక్రీటు అంచులు కొన్నిచోట్ల నున్నబడ్డాయి.

కింద కొట్టు, పైన కాపురం అనేది మన బజారు వీధుల్లో పుట్టి పెరిగినవాళ్లకు వింతగా తోచదు. అమెరికా శివార్లలో మాత్రం ఇళ్లుండే చోట ఇళ్లే ఉండాలి, దుకాణాలుండే చోట దుకాణాలే ఉండాలని నిబంధనలు. పాల డబ్బా కావాలన్నా కారు తీయాలి. ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, కొట్లు కలగలిపి కట్టుకోవడానికి ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ 1962లో కొత్త నిబంధన తెచ్చిన తర్వాతే ఈ ఊరికి దారి పడింది.

ఈ నేల మీద ఊరు కట్టాలని మొదట అనుకున్నవాడు కార్ల్ వీలే అనే వైద్యుడు. 1880లలో వేల ఎకరాలు కొని పట్టణానికి పథకం గీయించాడు. నాలుగు భవనాలు లేచాయో లేదో 1901లో కన్నుమూశాడు. తర్వాత ఈ భూమి బోమన్ కుటుంబం చేతికొచ్చింది. మద్యనిషేధం ఎత్తేశాక వాళ్లు ఇక్కడ పొలాలు చూసుకుంటూ విస్కీ బట్టీ నడిపారు. 1961లో ఆ 6,750 ఎకరాలను కొన్నవాడు రాబర్ట్ ఇ. సైమన్. న్యూయార్క్‌లోని ప్రసిద్ధ సంగీతశాల కార్నెగీ హాల్ వాళ్ల కుటుంబానిదే. దాన్ని నగరానికి అమ్మగా వచ్చిన సొమ్ము ఈ భూమి మీద పెట్టాడు. తన పేరులోని మూడు పొడి అక్షరాలకు ఊరు అనే అర్థమిచ్చే ఇంగ్లిషు మాట తోకను కలిపి రెస్టన్ అన్నాడు. చెరువుకు అప్పటి భార్య ఆన్ పేరు పెట్టాడు. ఊరు పుట్టినరోజు 1964 ఏప్రిల్ 10. అది సైమన్ యాభయ్యో పుట్టినరోజు కూడా.

ఊళ్లు కట్టే ఆలోచన ఆయనకు ఇంట్లోనే అబ్బింది. 1929లో న్యూజెర్సీలో మొదలైన రాడ్‌బర్న్ అనే ప్రణాళికాబద్ధమైన పేట వెనక ఆయన తండ్రి చెయ్యి ఉంది. నడిచేవాళ్ల దారి కారు దారిని తాకకుండా రోడ్ల కింద నుంచి పోవాలన్న పద్ధతి అక్కడిదే. రెస్టన్‌లోనూ పిల్లలు బడికి, చెరువుకి అలాంటి అండర్‌పాస్‌ల గుండానే నడిచి వెళ్లేట్టు బాటలు వేశారు. నీళ్లను ఆనుకుని ఊరి బజారు ఉండాలన్న ఊహ ఇటలీలోని పోర్టోఫినో రేవు నుంచి వచ్చింది. నక్షా గీసింది విటిల్సీ, కాంక్లిన్, రొస్సాంట్ సంస్థ.

సైమన్ మొదట్లోనే ఏడు సూత్రాలు రాసుకున్నాడు. మనిషి బతుకులో ఏ దశలోనైనా ఇల్లు మారాల్సి వస్తే అదే పేటలో మారగలగాలని అందులో ఒకటి. అంటే పెళ్లికి ముందు చిన్న ఫ్లాటు, పిల్లలు పుట్టాక ఇల్లు, ముసలితనంలో మళ్లీ ఫ్లాటు, అన్నీ తెలిసిన మొహాల మధ్యే. ఆడుకునే చోట్లు, కొట్లు మొదటి రోజు నుంచే సిద్ధంగా ఉండాలని ఇంకొకటి. ఏ మనిషైనా విలువైనవాడే అన్నది నాకు అన్నిటికన్నా నచ్చిన సూత్రం. అది ఎంత సాహసమో తెలియాలంటే ఆనాటి వర్జీనియాను గుర్తు చేసుకోవాలి. నల్లవాళ్లు, తెల్లవాళ్లు పెళ్లి చేసుకోవడం అక్కడ 1967 దాకా నేరం. ఆ ఏడు సుప్రీంకోర్టు తీర్పు వస్తే గానీ ఆ చట్టం పోలేదు. ఇళ్ల అమ్మకాల్లో జాతి వివక్షను నిషేధించే కేంద్ర చట్టం 1968లో వచ్చింది. రెస్టన్ ఇళ్లు 1964 నుంచే ఏ జాతివాళ్లకైనా అమ్మారు. నీళ్లకు ఎదురుగా ఉన్న మంచి జాగా ఏ ఊళ్లోనైనా ముందు డబ్బున్నవాడికే పోతుంది. ఇక్కడా గట్టు వెంట ఇళ్లున్నాయి, వాటికి పడవలు కట్టుకునే చిన్న వంతెనలున్నాయి. కానీ ఒడ్డులో అన్నిటికన్నా అందమైన ముక్కను బెంచీలకు, ఊరందరికీ వదిలేశారు. ఆ ఒక్క పనికే సైమన్‌కు దణ్ణం పెట్టొచ్చు.

చెరువుతో ఇంకో ఉపాయం కూడా చేశారు. దాని నీళ్ల సాయంతో ఒకచోట చల్లదనం తయారుచేసి గొట్టాల ద్వారా ఇళ్లకు పంపే ఏర్పాటు అది. ఇంటింటికీ బయట ఏసీ పెట్టె రొద చేయకూడదని, కంటికి అడ్డంగా కనపడకూడదని ఆ ఆలోచన. వేసవి సాయంత్రం గట్టు మీద మాట వినపడాలంటే ముందు మర మోత తగ్గాలి కదా!

ఇంత శ్రద్ధతో కట్టినా ఇళ్లు ఆశించినంత వేగంగా అమ్ముడుపోలేదు. గోడకు గోడ ఆనించి కట్టిన ఆధునిక ఇళ్లు చూసి, చుట్టూ పచ్చిక ఉన్న విడి ఇల్లు కావాలనుకునేవాళ్లు వెనుదిరిగారు. దారి కూడా కలిసిరాలేదు. విమానాశ్రయం కోసం 1962లో వేసిన చక్కటి రహదారి రెస్టన్ మధ్య నుంచే పోతుంది. అది విమానం ఎక్కేవాళ్లకే. ఊరివాళ్లు ఆ దారిన పట్నానికి పోవడానికి వీల్లేదు. దాని పక్కన టోల్ రోడ్డు 1984లో గానీ రాలేదు. అప్పు ఇచ్చిన గల్ఫ్ ఆయిల్ కంపెనీ 1967లో ఊరిని తన చేతుల్లోకి తీసుకుని సైమన్‌ను తప్పించింది. పథకంలో చాలా భాగం తర్వాతా కొనసాగింది. బాటలు పెరిగాయి, మరో మూడు చెరువులొచ్చాయి. పోయింది మాత్రం లేక్ ఆన్ ఒడ్డున ఉన్న బిగువు. ఆ తర్వాతి పేటల్లో బజారంటే ముందు కార్లు ఆపే మైదానం, దాని వెనక కొట్ల వరస. నీళ్లూ కొట్లూ ఇళ్లూ అంత దగ్గరగా కలిసిన చోటు మళ్లీ కట్టలేదు. నాకు అది నిజంగా బాధ కలిగించే విషయం.

1990లో రెస్టన్ టౌన్ సెంటర్ తెరుచుకున్నాక జనం అటు మళ్లారు. లేక్ ఆన్ కొట్లకు బేరాలు తగ్గాయి. వ్యాపారం తగ్గడం వల్లే కాబోలు, పాత కట్టడాలు పెద్దగా మార్పుల్లేకుండా మిగిలాయి. ఇప్పుడు రెస్టన్ జనాభా 60,000 దాటింది. ఇప్పటికీ దానికి మేయరు లేడు, పురపాలక సంఘం లేదు. బాటలు, చెరువులు, ఈతకొలనులు చూసుకునేది ఇంటివాళ్లు చందా కట్టే సంఘమే. ఇంటి బయట రంగు మార్చాలన్నా ఆ సంఘాన్ని అడగాలి. 2014లో మెట్రో రైలు వచ్చినప్పుడు మొదటి స్టేషన్ పేరులో వీలే పేరు కూడా చేర్చారు. ఊరు కట్టలేకపోయిన డాక్టరు పేరు రోజూ వేలమంది నోట పలుకుతోంది.

సైమన్ 1993లో తిరిగి వచ్చాడు. అప్పటికి ఆయనకు 79 ఏళ్లు. తాను కట్టించిన హెరన్ హౌస్‌లోనే ఒక ఫ్లాటులో దిగాడు. 2015 సెప్టెంబరులో 101 ఏళ్ల వయసులో పోయేదాకా ఆ ఊళ్లోనే ఉన్నాడు. ముసలితనంలో ఫ్లాటుకు మారాలి, కానీ పేట మారకూడదని ఇతరుల కోసం రాసిన సూత్రం చివరికి ఆయనకే అక్కరకొచ్చింది. లిఫ్టు దిగితే ఇటుకల మైదానం, దాని అంచున ఆన్ పేరు పెట్టిన చెరువు. ఇప్పుడు అక్కడ ఒక బెంచీ మీద ఆయన కంచు విగ్రహం ఓ పక్కకు కూర్చుని ఉంటుంది. మేము వెళ్లినప్పుడు మిగిలిన జాగాలో ఒకావిడ కూరగాయల సంచి పక్కన పెట్టుకుని కాఫీ తాగుతోంది.