జగ్గయ్యపేట స్తూపశాసన దినము

తద్దినమను మాటకు వ్యుత్పత్తి తెలియనివారరుదు. తత్, దినమ్, ఆ దినము. గతించినవాని దినము మరల వచ్చినదని పుత్రుఁడు పిండమిడును. మాసము, పక్షము, తిథి యను మూఁడును గూడినప్పుడే యా దినము వచ్చినట్లు. ఆ పుత్రుఁడే తండ్రి మరణమును కచేరీలో నమోదు చేయించునపుడు తేది వ్రాయించును. మఱుసటి యేఁడు తిథి యొకనాఁడును తేది వేఱొకనాఁడును వచ్చును. ఈ రెండింటిలో నేది ఆ దినము? ఒక్క తేది క్రింద జననమరణములను, మహాకార్యములను వరుసగాఁ గూర్చు నలవాటు ప్రబలిన యీ కాలమున నీ ప్రశ్న యూరక వేసినది కాదు. జగ్గయ్యపేట స్తూపశాసనమునకు దినము చెప్పఁబూనిన వారికిది మొదట నెదురగును.

జగ్గయ్యపేటయు నందిగామయు కృష్ణామండలపు మెట్టసీమలోని ప్రధానమైన యూళ్లు. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనివి. జగ్గయ్యపేట పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయఁడు తండ్రి పేర నీ పేట నిలిపెను. ఊరి చేరువ ధనబోడను తిప్పపై బౌద్ధస్తూపమొకటి కలదు. దానిని బర్జెస్ దొర 1882 లోఁ బరిశీలించెను. శాసనములను బ్యూలరు పండితుఁ డా యేఁడే ప్రకటించెను. ఇవి ప్రాకృతభాషలో నున్నవి. నాకచందుఁడను శిల్పి కుమారుఁడును, తానును శిల్పియే యగు సిద్ధత్థుఁడు (సిద్ధార్థుఁడు) తల్లి నాగిలనిని ముందిడుకొని, భార్యాపుత్రులతోను, సోదరుని కుటుంబముతోను గూడి, వెలగిరి గ్రామమున మహాచైత్యపుఁ దూర్పువాకిట నైదు ఆయకస్తంభములను నిలిపెనని వాని తాత్పర్యము. రాజు కాఁడు, మంత్రి కాఁడు, ఉలి పట్టినవాఁడు. ఆనాఁటి యొక కుటుంబములోని పిల్లల పేళ్లతో సహా మనకు దక్కినది యీ శిల్పి దయవలననే.

కాలనిర్దేశ మిట్లున్నది: ఇక్ష్వాకురాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని సంవత్సరము 20, వర్షాపక్షము 8, దివసము 10. ఇందు 'వస' యను ప్రాకృతశబ్దము వర్షశబ్దభవము. వర్షమనఁగా వానయు నగును, ఏఁడును నగును. ఇచట నేఁటికి 'సంవచ్ఛర' శబ్దము వేఱుగా నుండుటచే 'వస' వానకాలమే. నాఁటి లెక్కలో సంవత్సరమునకు గ్రీష్మము, వర్షము, హేమంతమని మూఁడే ఋతువులు. ఒక్కొక్కదానికి నాలుగు మాసములు, ఎనిమిది పక్షములు. కావున నెనిమిదవ పక్షము వానకాలమునకుఁ గడపటిది.

అది యే పక్షము? నేఁటి తెలుఁగు పంచాంగముల తీరున అమావాస్యతో మాసము ముగియునని యెంచి, శ్రావణ శుద్ధ పాడ్యమి మొదలు లెక్కించినచో కార్తిక బహుళము వచ్చును. ఈ లెక్క యిచటఁ జెల్లదు. బౌద్ధభిక్షువుల వర్షావాసము ఆషాఢపూర్ణిమ మఱునాఁడు మొదలగును. కౌటిల్యుఁడును రాజకార్యములకు 354 దినముల సంవత్సరమును జెప్పి, దానిని ఆషాఢపూర్ణిమతో ముగించెను. అనఁగా ఋతువు బహుళపక్షముతో నారంభమై పూర్ణిమతో ముగియవలెను. అట్లయిన నెనిమిదవది కార్తిక శుక్లపక్షము; పదవ దివసము కార్తిక శుద్ధ దశమి. మఱునాఁడు ఉత్థానైకాదశి, నాలుగు దినములు గడచి పూర్ణిమ, భిక్షువుల వానకాలము పూర్తి. శిల్పి కట్టడపుఁబని వానలు వెలసిన పిదప ముగిసినదనుట లోకమునకును సమ్మతమే.

ఈ లెక్కనే పట్టుకొని యదే రాజుకాలపు నాగార్జునకొండ శాసనములను జూచిన నొక విశేషము గోచరించును. ఆ లోయ 1926 లో వెలుఁగులోనికి వచ్చినది. శాసనములను వోగెల్ పండితుఁడు ప్రకటించెను. అందు మహాచైత్యపు ఆయకస్తంభముల కాలము: సంవత్సరము 6, వర్షాపక్షము 6, దివసము 10. ఒక స్తంభము కాదు, పెక్కు స్తంభములపై నిదియే దినము. రాజునకు మేనయత్త యగు చాంతిసిరి, రాణి బాపిసిరిణిక, ఉజ్జయినీ రాజపుత్రి రుద్రధరభట్టారిక మున్నగు స్త్రీల దానము లిందుఁ గలవు. రుద్రధరభట్టారిక స్తంభముతోపాటు 170 దీనారమాషకము లొసఁగెను. ఆఱవ పక్షము ఆశ్వయుజ శుక్లము. దినము శుద్ధ దశమి. ఇది విజయదశమి గదా యని యుప్పొంగిన పండితులుందురు. కాని యా స్త్రీలు దసరాపండుగ నెంచి స్తంభము లెత్తించిరనుటకు శాసనములో నొక్క యక్షరమును లేదు. తిథి కలిసినంతమాత్రమున నుద్దేశము కలియదు.

అయినను ఒకే దినమను మాట కింతకంటె నిండైన యుదాహరణము దుర్లభము. ఇచట దినమును బిమ్మట నెవరో కూర్చలేదు; ఆ స్త్రీల దానములు నిజముగా నొక్క దినమునకే చెందినవి. జగ్గయ్యపేట శిల్పి దినము వేఱు. అదియు దశమియే, అంకెయు పదియే. కాని మాసము వేఱు, నడుమ నించుమించు పదునాలుగేండ్లు. రెండును పదవ దివసములే యని యొక్కచోఁ జేర్చుట అంకెల సామ్యమే గాని దినసామ్యము కాదు.

ఆయకస్తంభము లైదును బుద్ధుని జననము, మహాభినిష్క్రమణము, సంబోధి, ధర్మచక్రప్రవర్తనము, పరినిర్వాణము నను నైదింటికి గుఱుతులని పండితుల యభిప్రాయము. అందు జననము, సంబోధి, నిర్వాణము మూఁడును వైశాఖపూర్ణిమనాఁడే యని సింహళాది దేశముల సంప్రదాయము. ఏడవ శతాబ్దిలో ధాన్యకటకమునకును వచ్చిన చీనాయాత్రికుఁడు హ్యూయన్ త్సాంగు మాత్రము నిర్వాణదినమును గుఱించి మతభేదమును వ్రాసియుంచెను: సర్వాస్తివాదుల మతమున నది కార్తిక శుక్లాష్టమి. మన శిల్పి దశమికి రెండు దినములే ముందు! ముచ్చటైన సామీప్యమే, కాని యష్టమి దశమి కాదు, సిద్ధత్థుఁడు తన యాచార్యుల శాఖను శాసనమునఁ జెప్పలేదు. ఇట్టి సామీప్యములతోఁ జరిత్ర నల్లరాదు.

తేదీల లెక్కలోనైనను మోసము లేకపోలేదు. షేక్స్పియరు 1616 ఏప్రిల్ 23 న మరణించెను. స్పెయిను దేశపు సెర్వాంటీసు మరణమునకును ఆ తేదియే వాడుకలో నున్నది. కాని యింగ్లండున నాఁడు జూలియను పంచాంగము, స్పెయినున గ్రిగొరీ పంచాంగము. షేక్స్పియరు మరణము రెండవదాని లెక్కలో మే 3. తేది యొక్కటే, నడుమ పది దినములు.

ఈ మెట్టసీమకు సంబంధించిన తేది యొకటి కలదు. 1955 డిసెంబరు 10 న జవాహర్‌లాల్ నెహ్రూ నందికొండయొద్ద నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. అంతకుముందు మద్రాసు ప్రభుత్వము కృష్ణాజలమును పెన్నకు మరల్పఁదలఁచిన పథకముండెను. నందికొండ యానకట్టకై పాటుపడినవారిలో జగ్గయ్యపేట చేరువ ముక్త్యాల రాజావారు ముఖ్యులు. 1952 లో ఖోస్లా సంఘము పరిశీలించి నందికొండనే మేలనెను. ఆ యేఁడు మద్రాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారి. ఆయన జన్మదినము 1878 డిసెంబరు 10. తేదీల పట్టిక కూర్చువాఁడీ రెండింటిని ఒక్క పంక్తిలో వ్రాసి తృప్తిపడును. చంద్రుని జూచినవాఁడు తృప్తిపడఁడు. ఆచారిగారు పుట్టినది మార్గశిర పూర్ణిమ సమీపమున. శంకుస్థాపన జరిగినది మన్మథనామ సంవత్సర కార్తిక మాసాంతమున, అమావాస్యకు నాలుగు దినములు ముందు. ఆ యమావాస్యనాఁడు, డిసెంబరు 14 న, సూర్యగ్రహణము. ఒకటి నిండుచంద్రుఁడు, ఒకటి క్షీణచంద్రుఁడు.

1967 ఆగస్టు 4 న కాలువలకు నీరు విడిచిరి. ఎడమకాలువ జగ్గయ్యపేట, నందిగామ మెట్టపొలములకు జీవనమయ్యెను. ఆ సాగరమే చాంతిసిరి స్తంభములు నిలిచిన లోయను ముంచినది. త్రవ్వి తీసినవానిని కొండకొమ్మునకుఁ జేర్చిరి, అది నేఁడు ద్వీపము. ఒకే రాజు కాలపు రెండు స్తూపములలో నొకదాని తావు నీట మునిఁగెను, ఒకదాని చుట్టు పొలములకు నీరు పాఱెను.

వీరపురుషదత్తుఁడు క్రీ.శ. మూఁడవ శతాబ్దివాఁడు. ఆతని యిరువదవ యేఁడు క్రీస్తుశకమున నేది యగునో నిశ్చయము కాలేదు గనుక సిద్ధత్థుని దానమునకు ఆంగ్లపుఁ దేది యిచ్చుట పొసఁగదు. ఇచ్చినవాఁడు కల్పించినట్లే. తిథి మాత్రము ఱాతిపై నున్నది. ధనబోడుపై నా దినమును దలఁపఁగోరు జగ్గయ్యపేటవారికి కార్తిక శుద్ధ దశమి చాలును. శంకుస్థాపన జరిగిన 1955 లో నా దశమి నవంబరు చివరివారమునఁ గడచెను. నందికొండకు నెహ్రూ వచ్చునప్పటికి సుమారు పక్షము దినములు.