తెర మీద ఇంగ్లీషు పాఠం

బడి పిల్లలకు ఆకాశం నుంచి పాఠం దిగిరావడం 1975 ఆగస్టు 1న మొదలైంది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో ఏడాదిపాటు సాగించిన 'సైట్' ప్రయోగం ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లకు చేరింది. రోజూ పొద్దున పిల్లల కార్యక్రమం ఒక్కో భాషలో ఇరవై రెండున్నర నిమిషాలు. ఆ భాషల్లో తెలుగూ ఉంది.

తర్వాత ఉపగ్రహం ద్వారా పాఠాలు చెప్పే ప్రభుత్వ చానల్ మనటీవీ వచ్చింది. 2017లో అదే టీ-శాట్‌గా మారి విద్య, నిపుణ అనే రెండు చానళ్లు నడిపింది.

అయితే ఈ పాఠాలు చూసే పిల్లలందరికీ ఇంటి భాష తెలుగు కాదు. తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లా తండాల్లో ఇంటి భాష లంబాడీ. భూపాలపల్లి జిల్లా అడవి పల్లెల్లో కోయ కూడా వినిపిస్తుంది. ఆ పిల్లలకు తెలుగే బడి భాష, ఇంగ్లీషు ఆ పైన మరొకటి. అలాంటి చోట 'పోర్' (pour) అనే ఇంగ్లీషు మాటకు తెలుగు అర్థం బోర్డు మీద రాస్తే సగం పనే అవుతుంది. చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు పడుతుండగా ఆ మాట వినిపిస్తే నడుమ మరో భాష అక్కర్లేదు. వీడియోకున్న అసలు బలం ఇదే.

2020 సెప్టెంబర్ 1న, కరోనా వేళ, దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో బడి పాఠాలు మొదలయ్యాయి. అయితే టీవీ పాఠం ఆగదు. అర్థం కాని మాటను వెనక్కి తిప్పి వినలేరు. కొత్త మాట పదేపదే చెవిన పడాల్సిన పిల్లలకు ఇది పెద్ద లోటే. టీ-శాట్ పాఠాలు యూట్యూబ్‌లోనూ ఉండడంతో, ఫోనున్న ఇంట్లో ఆ లోటు కొంత తీరింది.

ఇంగ్లీషు పాఠం అవసరం ఆ తర్వాత ఇంకా పెరిగింది: 2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది.