జనరళ్లతో సయోధ్య: మయన్మార్ పట్ల భారత దౌత్యం (1988–2024)

పొరుగు దేశంలో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్నప్పుడు మన దౌత్యం ఎవరితో మాట్లాడాలి? మయన్మార్ విషయంలో భారత ప్రభుత్వం ఈ ప్రశ్నకు రెండు కాలాల్లో రెండు రకాల జవాబులు చెప్పింది. మొదటిది ఆదర్శవాదమనీ, రెండోది వాస్తవికవాదమనీ విశ్లేషకులు విడదీస్తుంటారు. ఆ వాస్తవికవాదం వాస్తవాల ముందు ఎంతవరకు నిలుస్తుందన్నదే ఇక్కడి పరిశీలనాంశం.

1988 ప్రజా ఉద్యమాన్ని బర్మా సైన్యం రక్తపాతంతో అణచివేసినప్పుడు భారత్ బాహాటంగా ఉద్యమకారుల పక్షాన నిలిచింది. సరిహద్దు దాటి వచ్చిన విద్యార్థులకు ఆశ్రయమిచ్చింది. ఆకాశవాణి బర్మీ ప్రసారాలు సైనిక పాలకులకు కంటగింపయ్యాయి. 1990 ఎన్నికల్లో ఆంగ్ సాన్ సూచీ పార్టీ 392 స్థానాలు గెలిచినా సైన్యం గద్దె దిగలేదు. ఈలోగా చైనా అక్కడ పాదం మోపింది. ఈశాన్య భారత తిరుగుబాటు దళాలకు బర్మా అడవులు స్థావరాలయ్యాయి. ఈ స్థితిలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం దారి మార్చింది. 1993 మార్చిలో విదేశాంగ కార్యదర్శి జె.ఎన్. దీక్షిత్ రంగూన్ వెళ్లారు. 1994లో సరిహద్దు వాణిజ్య ఒప్పందం కుదిరింది, మరుసటి ఏడాది మోరే–తము మార్గం తెరుచుకుంది. పి.వి. ముందున్న ఇబ్బందులు నిజమైనవే. ఆ మలుపును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు.

చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. మాట్లాడటానికి తెరిచిన తలుపు క్రమేణా మౌనానికి కారణమైంది. 2007 సెప్టెంబరులో బౌద్ధ భిక్షువులు వేల సంఖ్యలో వీధుల్లోకి వచ్చిన రోజుల్లోనే మన పెట్రోలియం మంత్రి గ్యాస్ అన్వేషణ ఒప్పందాల కోసం మయన్మార్‌లో ఉన్నారు. 2021 ఫిబ్రవరి 1 నాటి సైనిక కుట్ర తర్వాత, మార్చి 27న జరిగిన సైనిక దినోత్సవ కవాతుకు భారత ప్రతినిధి హాజరయ్యారు. ఆ ఒక్క రోజే దేశమంతటా వందమందికి పైగా పౌరులు సైన్యం చేతిలో ప్రాణాలు కోల్పోయారు. జూన్‌లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 119 ఓట్లతో కుట్రను ఖండించినప్పుడు తటస్థంగా ఉన్న 36 దేశాల్లో భారత్ ఒకటి. 2022 డిసెంబరులో భద్రతా మండలి తీర్మానం మీదా అదే వైఖరి.

ఢిల్లీ వైఖరికి తొలి ఎదురుమాట మిజోరం నుంచి వచ్చింది. శరణార్థులను రానివ్వవద్దని 2021 మార్చి 10న కేంద్ర హోంశాఖ ఈశాన్య రాష్ట్రాలకు లేఖ రాసింది. వస్తున్న చిన్ ప్రజలు మిజోలకు రక్తసంబంధీకులనీ, వారి కష్టాన్ని చూస్తూ ఊరుకోలేమనీ ముఖ్యమంత్రి జోరాంథాంగా మార్చి 18న ప్రధానికి రాశారు. ఊళ్లూ చర్చిలూ యువజన సంఘాలూ వేలమందికి నీడా తిండీ సమకూర్చాయి. నైతికంగానే కాదు, సరిహద్దు అవతలి మనుషులతో బంధం నిలుపుకోవడంలోనూ రాజధాని కంటే ఐజాల్ ముందుచూపు చూపింది.

జనరళ్లతో సయోధ్య వల్ల మన ప్రయోజనాలైనా నెరవేరాయా? కలాదాన్ ప్రాజెక్టును చూడాలి. కోల్‌కతా నుంచి సిత్వే రేవుకు సముద్రం మీద, అక్కడి నుంచి పలెత్వాకు నది మీద, పలెత్వా నుంచి మిజోరం సరిహద్దులోని జోరిన్‌పుయికి 109 కిలోమీటర్ల రోడ్డు మీద సరుకు చేరాలన్నది పథకం. 2008లో సైనిక ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 2023 మేలో సిత్వే రేవు ప్రారంభమైంది. 2024 జనవరిలో పలెత్వా, సైన్యంతో పోరాడుతున్న రఖైన్ సాయుధ దళం అరకాన్ ఆర్మీ వశమైంది. సంతకం చేసినవారి చేతిలో రోడ్డు లేదు; రోడ్డు ఉన్నవారితో మనకు ఒప్పందం లేదు. ఎవరి చేతిలో భూమి ఉందో వారితో మాట్లాడటమే వాస్తవికవాదమైతే, దాని ప్రకారమే రాజధాని నేపీడాలోని సైనిక పాలకులకు పరిమితమైన దౌత్యం విఫలమైంది.

ఆంక్షలే ప్రత్యామ్నాయమని దీని అర్థం కాదు. పాశ్చాత్య దేశాల ఆంక్షలు రెండు దశాబ్దాలపాటు సామాన్యులను కుంగదీశాయే తప్ప సైన్యాన్ని కదిలించలేకపోయాయి. అయితే ఆలింగనానికీ ఆంక్షలకూ నడుమ చాలా చోటుంది. సభ్యదేశాల అంతర్గత వ్యవహారాల్లో జోక్యం చేసుకోరాదన్న నియమం మీద నిలిచిన ఆసియాన్ సైతం, తన అయిదు అంశాల ఒప్పందాన్ని అమలు చేయనందుకు కుట్రకు నాయకత్వం వహించిన సైన్యాధిపతి మిన్ ఆంగ్ హ్లాయింగ్‌ను 2021 అక్టోబరు శిఖరాగ్ర సభకు పిలవలేదు. దానివల్ల యుద్ధం ఆగలేదు, కానీ కుట్రదారుకు దేశాధినేత గౌరవం దక్కలేదు. ఆ పాటి పని కూడా మనం చేయలేదు.

2024 ఫిబ్రవరిలో కేంద్రం సరిహద్దు ప్రజల స్వేచ్ఛా రాకపోకల ఏర్పాటును రద్దు చేస్తున్నట్లు ప్రకటించింది. అదే నెలాఖరున మిజోరం రాజ్యసభ సభ్యుడు కె. వన్లల్‌వేనా సరిహద్దు దాటి వెళ్లి అరకాన్ ఆర్మీ వారిని కలిశారు. నేపీడాతో సంబంధం తెంచుకోకుండానే, ఇలాంటి సంభాషణను చిన్, రఖైన్ శక్తులతోనూ కుట్రకు వ్యతిరేకంగా ఏర్పడిన జాతీయ ఐక్యతా ప్రభుత్వంతోనూ విదేశాంగ శాఖే బహిరంగంగా చేపట్టాలి.