మూడు రాత్రుల అద్దె

2012 సెప్టెంబరు. న్యూయార్క్‌లోని ఈస్ట్ విలేజ్‌లో రూమ్మేటుతో కలిసి అద్దెకుంటున్న ఓ యువకుడు కొలరాడో వెళ్తున్నాడు. గది ఖాళీగా ఉండటమెందుకని ఎయిర్‌బీఎన్‌బీలో పెట్టాడు. రాత్రికి 100 డాలర్లు. రష్యా నుంచి వచ్చినావిడ మూడు రాత్రులకు తీసుకుంది. ఇంట్లోనే ఉన్న రూమ్మేటుకూ అభ్యంతరం లేదు.

తిరిగొచ్చేసరికి నగర తనిఖీ సిబ్బంది వచ్చి వెళ్లిపోయారు. నోటీసులు మాత్రం అతనికి కాదు, బిల్డింగు ఓనరుకి! జరిమానా 40 వేల డాలర్ల దాకా పోవచ్చన్నారు. చేతికొచ్చింది 300 డాలర్లు. కాళ్లూ చేతులూ ఆడని పరిస్థితే అయినా అతను తప్పించుకోలేదు. ఓనరు తరఫున తనే విచారణకు హాజరయ్యాడు.

2011 మేలో అమల్లోకొచ్చిన రాష్ట్ర చట్టం సంగతి చాలామంది అద్దెదారుల్లాగే అతనికీ తెలియదు. మూడు లేదా అంతకుమించి కాపురాలుండే భవనంలో ఏ ఇంటినీ 30 రోజులకన్నా తక్కువకు అద్దెకివ్వకూడదు. ఆ ఇంటి మనిషి అక్కడే ఉంటే తప్ప. అపార్ట్‌మెంట్లకు అపార్ట్‌మెంట్లే దొంగచాటు హోటళ్లుగా మారుతుంటే వాటికోసం పన్నిన వల అది. పెద్ద చేపలతో పాటు ఈ చిన్నదీ చిక్కింది.

ఇక వాదనంతా రూమ్మేటు చుట్టూనే తిరిగింది. ఇంటి మనిషి ఇంట్లో ఉన్నట్టా, లేనట్టా? ఉన్నా చెల్లదు, వచ్చినావిడ ఆ ఇంటికి పూర్తిగా పరాయి వ్యక్తి అన్నారు 2013 మేలో తీర్పిచ్చిన న్యాయాధికారి. జరిమానా 2,400 డాలర్లు. డబ్బిచ్చి ఒక రాత్రి ఉండేవాళ్లు పరాయివాళ్లు కాక చుట్టాలవుతారా? ఎయిర్‌బీఎన్‌బీ అతని పక్షాన నిలిచింది. కేసు అప్పీలు బోర్డుకెళ్లింది. ఇంట్లోవాళ్లకీ అతిథికీ ముందే బంధమేదో ఉండాలని చట్టంలో ఎక్కడా లేదంటూ సెప్టెంబరులో బోర్డు ఆ తీర్పును కొట్టేసింది. కేవలం రూమ్మేటు ఇల్లు కదలకపోవడం వల్ల ఓనరు గట్టెక్కాడు.

నగరం ఊరుకోలేదు. 2023 సెప్టెంబరు 5 నుంచి లోకల్ లా 18 అమలు మొదలైంది. ముందు నగరపాలక కార్యాలయంలో రిజిస్టర్ చేయించుకోవాలి. హోస్టు ఇంట్లోనే ఉండాలి. అతిథులు ఇద్దరికి మించకూడదు. అతిథి ఒకవైపు, ఇంటివాళ్లు ఒకవైపు అన్నట్టు లోపలి తలుపులకు తాళాలు వేసుకోకూడదు. నాకైతే ఈ తాళాల నిబంధన దగ్గరే మనసు ఒప్పదు. అలాగని నగరాన్నీ తప్పుపట్టలేను. ఉద్యోగాలకొచ్చినవాళ్లు ఇళ్లు దొరక్క తిరుగుతుంటే ఫ్లాట్లు పర్యాటకుల పాలైతే ఎలా?

హడ్సన్ నది అవతల, మనవాళ్లు చాలామంది కాపురముండే జెర్సీ సిటీ ఇంకా ముందే మేల్కొంది. 2019 నవంబరులో ఓటింగు పెడితే జనం ఆంక్షలకే భారీగా మొగ్గారు. ఓనరు అక్కడ ఉండని ఇంటిని ఏడాదికి 60 రాత్రులకు మించి ఇలా తిప్పడానికి లేదు. అద్దెకున్నవాళ్లకైతే ఆ అవకాశమే లేదు. సంక్రాంతికి నెల సెలవు మీద ఊరొస్తూ, కట్టే అద్దెలో కొంతైనా రాబట్టుకుందామని ఫ్లాటును నాలుగు రోజులకో మనిషికి ఇస్తే అక్కడది నేరుగా ఉల్లంఘనే. ఓనరు సరేనన్నా సరే.