షోలాపూర్ ఇళ్లు, బీడీ సెస్సు: మనం మరిచిపోకూడని లెక్క



షోలాపూర్‌లో మన బీడీ కార్మికుల ఇళ్ల ప్రస్తావన వస్తే "సర్కారు ఊరికే ఇచ్చింది కదా" అనేవాళ్లు మనలోనే ఉన్నారు. ఆ మాట సరికాదు. ఎందుకో ఒకసారి చూద్దాం.

తెలంగాణ నుంచి మన పద్మశాలీలు మగ్గం పని, మిల్లు పని కోసం తరతరాలుగా షోలాపూర్ చేరారు. మగవాళ్లు మిల్లుకో, పవర్‌లూమ్‌కో వెళ్తే, ఆడవాళ్లు ఇంట్లో బీడీలు చుట్టారు. తునికాకు నానబెట్టడం, కత్తిరించడం, తంబాకు పోసి చుట్టి దారం కట్టడం, అన్నీ ఆ ఒక్క గదిలోనే. వంటా అక్కడే, పిల్లల నిద్రా అక్కడే. అందుకే బీడీ కార్మికురాలికి ఇల్లే కార్ఖానా. అద్దె గది ఖాళీ చేయాల్సి వస్తే పని కూడా చెదిరిపోతుంది.

1976లో పార్లమెంటు బీడీ కార్మికుల సంక్షేమ సెస్సు చట్టం, సంక్షేమ నిధి చట్టం చేసింది. తయారైన ప్రతి వెయ్యి బీడీల మీద సెస్సు వసూలు చేసి, ఆ డబ్బు దవాఖానాలకు, పిల్లల స్కాలర్‌షిప్‌లకు, ఇళ్లకు ఖర్చు పెట్టాలి. చివరికొచ్చేసరికి ఆ సెస్సు వెయ్యికి 5 రూపాయలు. వెయ్యి బీడీలు చుట్టాలంటే ఒక మనిషికి పొద్దంతా పడుతుంది. ఆ నిధి పుట్టింది అక్కడి నుంచే.

మన ఆడం మాస్టర్, అంటే నర్సయ్య ఆడం నాయకత్వంలో కార్మికులు ఏళ్ల తరబడి పోరాడితే కుంభారిలో గోదూతాయి పరుళేకర్ పేరున 10,000 ఇళ్లు లేచాయి. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వాటిని ప్రారంభించారు. ఒక్కో ఇంటికి 60 వేలు. అందులో కేంద్రం 20, రాష్ట్రం 20, కార్మికురాలు 20 వేలు.

2016 పథకంలో కేంద్రం ఒక్కో ఇంటికి లక్షన్నర ప్రకటించింది. ముందు 25 శాతం, తర్వాత 60, చివర 15. రెండో విడత ఆలస్యమైతే గోడలు సగంలో ఆగుతాయి. ఆ ఇంటామె ఒకపక్క అద్దె, మరోపక్క వడ్డీ కట్టాలి.

2017 జూలైలో జీఎస్టీ వచ్చింది. బీడీ మీద 28 శాతం పన్ను పడింది, సెస్సు మాత్రం రద్దయింది. నిధికి నీళ్లొచ్చే కాలువ మూసుకుపోయింది. అప్పటినుంచి ఏటా బడ్జెట్‌లో ఎంత కేటాయిస్తే అంతే. ఆ తర్వాత బీడీ కార్మికుల ప్రత్యేక ఇంటి పథకం ఆవాస్ యోజనలో కలిసిపోయింది.

రాయ్‌నగర్‌లో 30,000 ఇళ్ల ప్రాజెక్టు ఆ ఆవాస్ యోజన కిందిదే. 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ వాటిలో 15,000 ఇళ్లు అప్పగించారు. అది సంతోషమే. కానీ అక్కడ కేంద్రం లక్షన్నర, రాష్ట్రం లక్ష పోను మిగతాది కుటుంబమే తెచ్చుకోవాలి. బీడీ కార్డుతో ఒకప్పుడు హక్కుగా అడిగినామె ఇప్పుడు అందరితోపాటు క్యూలో నిలబడాలి.

సాయం తగ్గితే దెబ్బ ఒక్క ఇంటితో ఆగదు. చౌక అద్దె కోసం ఊరి చివరికి వెళ్తే ఆకు, తంబాకు తెచ్చుకునే బ్రాంచి దూరమవుతుంది, పిల్లల బడి మారుతుంది, చేబదులిచ్చే పక్కింటామె ఉండదు.

అందుకే ఒక విన్నపం. మన అమ్మల, అమ్మమ్మల బీడీ కార్డులు, పీఎఫ్ కాగితాలు పారేయకండి. ఇంట్లో చిన్నవాళ్లకు ఈ లెక్క చెప్పండి. ఆ ఇళ్లు ఎవరి దయవల్లా రాలేదు. మన ఆడవాళ్లు చుట్టిన ప్రతి వెయ్యి బీడీల్లోంచి వచ్చాయి.